కనబడనిదియు, లేనిదియు

(స్మారకోపన్యాస పాఠము)

సభాధ్యక్షులకును, ఆదోని, ఎమ్మిగనూరు పట్టణముల నుండియు, కౌతాళము, కోసిగి, పెద్దకడుబూరు, గోనెగండ్ల వైపు పల్లెల నుండియు వచ్చిన వైద్యమిత్రులకును, వారి వెనుక వరుసలలో ఒదిగి కూర్చున్న ల్యాబు టెక్నీషియన్లకును నమస్కారములు. వెనుక వరుసల వారిని వేరుగా పేర్కొనుటకు కారణము గలదు. నేటి ప్రసంగము ప్రధానముగా వారి పనిని గూర్చినదే. ఎవరి స్మృతికి ఈ ఉపన్యాసము అంకితమో ఆ పెద్దమనిషికిని డాక్టరు పట్టము లేదు. జీవితమెల్ల సూక్ష్మదర్శిని ముందు కూర్చుండి, ఇతరులు ముక్కు మూసికొను పదార్థమును ఓపికతో పరీక్షించి, తాను చూచినది వ్రాసి, చూడనిది వ్రాయక గడపిన మనిషి. తన పేరు వేదికలపై వినబడుట ఆయనకు గిట్టదు గనుక నేనును పలుకను. ఆయనను ఎరిగినవారికి ఆ అవసరమును లేదు.

నేను ఎన్నుకొన్న విషయము, దేహములోని రక్షణశక్తి క్షీణించిన వారి పేగులలో చేరి వారిని కృశింపజేయు పరాన్నజీవులను కనిపెట్టుట. సభకు యోగ్యమైన విషయమా యని సందేహించువారు ఉండవచ్చును. ఈ సీమ చరిత్రలో ఒక ప్రసిద్ధ మరణము పేగుల వ్యాధి వలననే సంభవించినదని వారికి జ్ఞాపకము చేయుచున్నాను. మద్రాసు గవర్నరుగా నుండిన సర్ థామస్ మన్రో, స్వదేశమునకు మరలిపోవుటకు ముందు, తాను కలెక్టరుగా గ్రామగ్రామము తిరిగిన దత్తమండలములను కడసారి చూచి పోవలెనని బయలుదేరి, 1827వ సంవత్సరము జూలై 6వ తేదీన మన పొరుగున నున్న పత్తికొండలో కలరాతో మరణించెను. అంతటి అధికారికి వైద్యసహాయము కొదువయై యుండదు. కాని ఆ వ్యాధికి మూలమైన సూక్ష్మజీవిని ఎరిగినవాడు నాటికి భూమండలమున ఒక్కడును లేడు. ఇటలీలో పాచినీ 1854లో దానిని కన్నులార చూచినను లోకము ఆయన మాట చెవిని పెట్టలేదు. రాబర్ట్ కోఖ్ ఈజిప్టులోను కలకత్తాలోను పరిశోధించి నిరూపించిన 1883–84 సంవత్సరముల పిదపనే అందరును విశ్వసించిరి. మన్రో నాటి వైద్యునకు చూచు సాధనము లేదు. నేటి ఆదోనిలో సాధనమున్నది, చూడగల కన్నులున్నవి; దేనికొరకు చూడవలెనో ఆ కన్నులకు చెప్పువారు మాత్రము కొరవడుచున్నారు. నా ఫిర్యాదంతయు ఇదియే.

రక్షణశక్తి క్షీణించినవారు అనగానే మనకు హెచ్.ఐ.వి. సోకినవారే స్ఫురింతురు. అందులో అసహజము లేదు. ఆ వ్యాధి ఉమ్మడి ఆంధ్రప్రదేశమును ఎంతగా పీడించినదో మనమెరుగుదుము. 2004 ఏప్రిల్ 1న భారత ప్రభుత్వము ఉచితముగా ఏ.ఆర్.టి. మందులీయ నారంభించినప్పుడు, వ్యాధి హెచ్చుగా నున్న రాష్ట్రములలో మనది ఒకటి. కాని వారు ఒక్కరే కారు. కర్నూలు పెద్దాసుపత్రిలో మూత్రపిండవ్యాధికి చికిత్స పొందుచు నిరోధకశక్తిని అణచు మందులు వాడువారు, క్యాన్సరునకు కీమోథెరపీ పొంది బస్సెక్కి ఊరు చేరువారు, పోషణ చాలక ఎండిన పసిపిల్లలు, వీరును ఆ కోవలోని వారే. వీరికంటె పెద్దదియు, ఏ రిజిస్టరులోను చేరనిదియు అగు గుంపు వేరొకటి గలదు. మోకాళ్ల నొప్పికని, ఉబ్బసమునకని, ఒంటి దురదకని, పొట్లములో కట్టి యిచ్చిన పేరులేని చిన్న తెల్ల మాత్రలను నెలల తరబడి మ్రింగువారు ఆ గుంపులోనివారు. ఆ మాత్రలలో నున్నది స్టెరాయిడని వారికి తెలియదు, ఇచ్చినవారు చెప్పరు. నొప్పి తగ్గినంతకాలము ఆ చేయి మంచి చేయి యని ఊరంతయు పొగడును.

ఇట్టివానికి నీళ్ల విరేచనములు పట్టుకొనును. రక్తముండదు, జ్వరమును సామాన్యముగా ఉండదు. రెండు వారములు, మూడు వారములు, నెల గడచును. చొక్కా వదులగును, చెంపలు లోనికి పోవును. మొదట సోడా, పిమ్మట మెట్రోనిడజోల్, పిమ్మట సెలైను, తుదకు మల పరీక్ష. డబ్బీలో నమూనా పోవును, సాయంత్రమునకు కాగితము వచ్చును: ‘అండములు, కోశములు కనబడలేదు.’ వైద్యుడు దానిని చదివి, పరాన్నజీవి లేదని నిశ్చయించి, వేరు త్రోవ పట్టును. ఇక్కడనే పొరపాటు. కనబడలేదనుట వేరు, లేదనుట వేరు. కనబడునట్లు చూడలేదనుట ఈ రెంటికంటెను వేరు. మన కాగితములలో ఈ మూడింటికిని ఒకే వాక్యము నడచుచున్నది.

ల్యాబులో జరుగు పనిని కొంత దగ్గరగా చూతము. గాజు పలక మీద ఒక ప్రక్క ఉప్పునీటి బొట్టు, వేరొక ప్రక్క అయొడిన్ బొట్టు వేసి, అగ్గిపుల్ల తలయంత మలమును అందులో కలిపి, కవరుగ్లాసు మూసి, పది, నలువది కటకముల క్రింద చూతురు. ఏలికపాముల గుడ్లు, కొంకిపురుగుల గుడ్లు, జియార్డియా, అమీబా, ఇవి ఆ పద్ధతికి దొరకును. (అమీబా దొరకవలసిన దానికంటె ఎక్కువగానే దొరకుచున్నదని, తెల్లరక్తకణములను సైతము అమీబా యని వ్రాయు వాడుక కొన్నిచోట్ల గలదని, ఈ సభలో లోగొంతుకతోనైన అనవలసియున్నది.) కాని రక్షణశక్తి లేనివానిని నెలల తరబడి పీడించు క్రిప్టోస్పోరిడియం కోశము నాలుగు మొదలు ఆరు మైక్రానుల గుండ్రని చుక్క, మన ఎర్రరక్తకణముకంటెను చిన్నది, రంగు లేనిది. ఈస్టు కణముల నడుమ కలసిపోయిన యెడల ఎంతటి నేర్పరియు తడి పలక మీద దానిని నమ్మకముగా వేరుచేయలేడు. అయొడిన్ దానికి పట్టదు. పట్టునది క్షయ పరీక్షలో వాడు ఎర్రరంగు.

ఈ సంగతి ఎంత ఆలస్యముగా తెలిసినదో గమనింపుడు. అమెరికాలో టిజర్ అను పండితుడు 1907లో ఎలుకల జీర్ణకోశములో ఈ జీవిని చూచి వర్ణించెను. మనుష్యునకు ఇది సోకునని తెలియుటకు 1976 దాక పట్టినది. 1981లో హెన్రిక్సెన్, పోలెంజ్ అను ఇరువురు, క్షయ క్రిములకు వాడు జీల్–నీల్సెన్ రంజనమునే కొంత మార్చి, మలములోని ఈ కోశములను నీలి నేల మీద ఎర్రని ముత్యములుగా కనబడజేసిరి. దైవఘటన యనవలెను, ఆ మరుసటి యేడాదియే అమెరికాలో ఎయిడ్సు రోగులు ఈ క్రిమి వలన ఆగని విరేచనములతో క్షీణించుచున్నారన్న వార్త వెలువడెను. కన్ను సిద్ధమైన పిమ్మట వ్యాధి ఎదురుపడుట వైద్యచరిత్రలో అరుదు.

క్షయ కఫము పరీక్షించు ప్రతి ల్యాబులోను కార్బాల్ ఫక్సిన్ ఉండును, మెథిలీన్ బ్లూ ఉండును, నూనె కటకముండును. మార్చవలసినది ఒక్కటే. కఫమునకు వాడు ఇరువది, ఇరువదియైదు శాతము గంధకికామ్లము ఈ కోశములకు తీవ్రమగును, పట్టిన రంగును సైతము కడిగివేయును. ఒక శాతము ఆమ్లము చాలును. పలుచగా పూసిన పలకను ఆరనిచ్చి, మిథనాలుతో స్థిరపరచి, వేడి చేయకనే ఎర్రరంగు పోసి, పలుచని ఆమ్లముతో కడిగి, నీలము పోసి, మరల కడిగి ఆరబెట్టుటకు అరగంట పట్టును. ఖర్చు టీ కప్పు వెలకు మించదు. కాని ఆ పలకను నూనె కటకము క్రింద అంగుళమంగుళము చూచుటకు మరి కొంతసేపు పట్టును, ఆ కొంతసేపటికే మన ల్యాబులలో కరవు.

ఎర్రని చుక్కలన్నియు ఒకటి కావు, కొలత చూడవలెను. నాలుగు మొదలు ఆరు మైక్రానులైన క్రిప్టోస్పోరిడియం. ఎనిమిది మొదలు పది మైక్రానులై, కొన్ని గాఢముగా, కొన్ని లేతగా, కొన్ని అసలు రంగు పట్టక గాజు బుడగలవలె నిలిచిన సైక్లోస్పోరా. ఇంచుమించు ముప్పది మైక్రానుల పొడవుతో రెండు కొనలు సన్నగిల్లి కండెవలె నున్న యెడల సిస్టో ఐసోస్పోరా. దీనిని మన పాత పుస్తకములు ఐసోస్పోరా బెల్లి యని పేర్కొనును. ఈ కడపటిది పెద్దది గనుక తడి పలక మీదను పట్టుబడును, అయితే కండెన్సరును క్రిందికి దింపి వెలుగును తగ్గించి చూడవలెను. పూర్తి వెలుగులో అది పారదర్శకమై మాయమగును. పలకమీద సూదుల వంటి షార్కో–లైడెన్ స్ఫటికములు కనబడినప్పుడు, రక్తములో ఇయోసినోఫిల్ కణములు హెచ్చినప్పుడు, ఈ జీవిని ప్రత్యేకముగా వెదకవలెను. వీటన్నిటికంటె చిన్నవి మైక్రోస్పోరిడియా, ఒకటి రెండు మైక్రానులు, ఇంచుమించు బాక్టీరియా పరిమాణము. ఫ్రాన్సులో ఒక ఎయిడ్సు రోగియందు 1985లో ఎంటిరోసైటోజూన్ అను జాతిని కనుగొనునప్పుడు ఎలక్ట్రాను సూక్ష్మదర్శిని కావలసి వచ్చెను. 1992లో వచ్చిన ట్రైక్రోము రంజనముతో సామాన్య సూక్ష్మదర్శిని క్రిందను చూడవచ్చును. ఇది మన తాలూకా స్థాయిలో సాధ్యమని నేననను; కర్నూలు వైద్యకళాశాలకు పంపుట మేలు. 1957లో స్థాపింపబడిన ఆ కళాశాల మనకున్నందులకు ఈ మాత్రమైన వినియోగించుకొనవలెను.

ఒక్క నమూనా చాలదు. ఈ కోశములు దినదినమును ఒక్క తీరున వెలువడవు. వేరువేరు దినములలో మూడు నమూనాలు, వీలైనచో ఫార్మలిన్–ఈథరు పద్ధతిని సాంద్రీకరించి, చూడవలెను. ఆదోని మార్కెట్టుయార్డులో పత్తి కొను వర్తకుడు లాటు పైనున్న తెల్లని దూదిని చూచి ధర పలుకడు గదా. అడుగున చేయి దూర్చి, రెండు మూడు తావుల లాగి, పింజ పొడవు వ్రేళ్లతో సాగదీసి చూచును. మనిషి పేగునకు ఆ పాటి జాగ్రత్త దక్కుటలేదు.

ఇంత శ్రమ ఎందుకు, ఏ జీవియైన మందు ఒకటియే గదా యని అడుగువారు గలరు. ఒకటి కాదు, ప్రసంగమునకు ఇదియే ఆయువుపట్టు. సిస్టో ఐసోస్పోరాకును సైక్లోస్పోరాకును కోట్రైమాక్సజోల్ లొంగును. ప్రతి ఆరోగ్యకేంద్రములోను దొరకు, చౌకలో చౌకయైన మాత్ర అది. నెలల తరబడి మంచము పట్టినవాడు పది దినములలో లేచి కూర్చుండును. నిరోధకశక్తి కోలుకొనువరకు తక్కువ మోతాదులో కొనసాగింపనిచో తిరుగబెట్టును, అంతియే. క్రిప్టోస్పోరిడియమునకు అట్టి నమ్మకమైన మందు లేదు. నిటజాక్సనైడు ఆరోగ్యవంతులయందు పనిచేయును గాని హెచ్.ఐ.వి. ముదిరినవారియందు దాని ఫలము స్వల్పము. అక్కడ అసలు చికిత్స ఏ.ఆర్.టి. మందులే, సి.డి. 4 కణములు కోలుకొన్నకొలది పేగు తనంతట తాను శుభ్రపడును. ఆరోగ్యవంతుడు ఏ మందు లేకయే ఒకటి రెండు వారములలో దీనిని వదిలించుకొనునది ఆ కణముల బలిమి వలననే. మైక్రోస్పోరిడియాలో ఒక జాతికి ఆల్బెండజోల్ చక్కగా పనిచేయును, వేరొక జాతికి చేయదు. పేరు తెలియక మందు వ్రాయువాడు ఒకప్పుడు కాకతాళీయముగా గెలుచును, పెక్కుసార్లు రోగి డబ్బును కాలమును వ్యయపరచును.

ఇక నేను ఎక్కువసేపు నిలువదలచిన జీవి వేరొకటి. స్ట్రాంగిలాయిడిస్ అను సన్నని పురుగు. 1876లో తూలాన్ రేవులో లూయి నార్మన్ అను ఫ్రెంచి నౌకావైద్యుడు, కొచ్చిన్ చైనా నుండి విరేచనములతో మరలివచ్చిన సైనికుల మలములో దీనిని చూచెను. తక్కిన ప్రేగు పురుగులలో పెక్కింటికి లేని దుర్గుణము దీనికొకటి గలదు. దీని గుడ్లు పేగులోననే చిదిగి పిల్లలగును. ఆ పిల్లలలో కొన్ని వెలుపలికి పోకయే ముదిరి, పేగుగోడనో గుదము చెంత చర్మమునో తొలిచి, మరల అదే దేహములో ప్రవేశించును. కాబట్టి ఒకసారి సోకినవానికి మరల సోకనక్కరలేదు. దశాబ్దములు గడచినను వంశము తెగదు. రెండవ ప్రపంచయుద్ధమున బర్మా రైలుమార్గములో జపానువారి చెరలో నుండిన సైనికులు వృద్ధులైన పిమ్మటను ఈ పురుగుతో ఉండిరని వైద్యులు కనుగొనిరి. అంతకాలమును అది వారిని పెద్దగా బాధింపలేదు. దేహమునకును పురుగునకును నడుమ ఒక విధమైన సంధి. స్టెరాయిడు మాత్ర ఆ సంధిని భంగపరచును. పిల్లలు వేనవేలుగా పెరిగి, పేగు గోడ చీల్చి, పేగులోని బాక్టీరియాను వెంటగొని, ఊపిరితిత్తులకు, మెదడు పొరలకు వ్యాపించును. రోగి ఆయాసముతో వచ్చును. ఉబ్బసము ముదిరినదని తలచి స్టెరాయిడు మోతాదును హెచ్చింతురు. అగ్నిలో ఆజ్యము పోసినట్లగును.

మన సీమకు దీనితో సంబంధమేమందురా? ఇది తడినేల మీద చెప్పులు లేక నడచువారి పాదముల గుండ దేహము చొచ్చును. వానలు తప్పిన యేట కోసిగి, కౌతాళము, పెద్దకడుబూరు పల్లెలు సుగ్గికి పోవుట మీరెరుగనిది కాదు. ఇంటికి తాళము వేసి, ముసలివారిని వాకిట విడిచి, పిల్లలతో గుంటూరు సీమకు మిరపకోతకును, పత్తి తీతకును, బెంగుళూరునకు కట్టడపు పనికిని పోవుదురు. అక్కడ వారుండు గుడిసెల చుట్టును మరుగుదొడ్డి ఉండదు. చెరువుగట్టో కాలువగట్టో అన్నిటికిని దిక్కు. ఇక్కడనున్నవారిలోను తుంగభద్ర దిగువ కాలువ క్రింద వరిమడిలో దిగువారికి ఆ నేలయే. నలువది యేండ్ల తరువాత ఆ కూలియే మోకాళ్లు పట్టి పొట్లపు మాత్రలకు చేయిచాచును. ఎక్కడ సోకినదో ఎవరును అడుగరు. ‘సుగ్గికి పోయితివా? ఏ ఊరికి? చెప్పులుండెనా?’ అను మూడు ప్రశ్నలు ఈ రోగనిర్ణయములో ఏ యంత్రమునకును తీసిపోవు.

ల్యాబులో దీనిని పట్టుట కష్టము. గుడ్లు మలములో సామాన్యముగా కనబడవు, పిల్లపురుగులే కనబడును. అవియును కొద్ది, అదియును కొన్ని దినములలోనే. ఒక్క తడి పలకతో చూచి లేదన్న యెడల సగముకంటె ఎక్కువమంది తప్పిపోవుదురు. మలమును గోరువెచ్చని నీటిపై పలుచని గుడ్డలో నుంచి గరాటు అడుగున పురుగులను పట్టు బేర్మన్ పద్ధతి 1917 నాటిది; వడపోత కాగితము మీద పెంచు హరడ–మోరి పద్ధతి 1955 నాటిది. వీనికంటె సులభమును మనోహరమును అయినది అగర్ పలక. పలక నడుమ కొంచెము మలమునుంచి రెండు మూడు దినములు మూసి యుంచినచో, పురుగు ప్రాకిన మేర బాక్టీరియా మొలిచి, దాని త్రోవ వంకరటింకర గీతలుగా అగర్ మీద తేలును. పురుగు దొరకకున్నను జాడ దొరకును. నమూనా తాజాగా నుండవలెను, ఫ్రిజ్జులో పెట్టరాదు. పాతబడినచో కొంకిపురుగు గుడ్లును చిదిగి పిల్లలగును, రెంటికిని భేదము తెలియక చిక్కు కలుగును. అప్పుడు నోటి గొట్టపు పొడవు చూడవలెను, స్ట్రాంగిలాయిడిస్‌కు అది పొట్టి. ఇయోసినోఫిల్ కణములు హెచ్చుగా నుండుట ఒక సూచన. కాని స్టెరాయిడు వాడువానియందు, వ్యాధి ముదిరినవానియందు ఆ సూచనయు అణగియుండును గనుక, అవి లేవని నిశ్చింతగా నుండరాదు. ఆయాసముతో వచ్చిన అట్టి రోగి కఫమును క్షయకొరకు మాత్రమే చూచి పారవేయక, ఒక చుక్కను తడి పలక మీద పది కటకముతో చూచిన యెడల కదలాడు పురుగే కనబడవచ్చును.

పరీక్షకు సాధనము లేనిచోట, కాలవ్యవధి లేనిచోట, శంక గలవానికి స్టెరాయిడునకు ముందే ఐవర్‌మెక్టిన్ ఇచ్చుట ఉత్తమమని పెద్దలు చెప్పుచున్నారు. 2020లో కోవిడ్ రోగులకు డెక్సామెథసోన్ విరివిగా వాడుక కాగానే వైద్యపత్రికలు ఈ హెచ్చరికయే చేసినవి. ఐవర్‌మెక్టిన్ మందును కనిపెట్టిన ఒమూరా, క్యాంప్‌బెల్ పండితులకు 2015లో నోబెల్ బహుమానము వచ్చినది. కోవిడ్‌నే అది కుదుర్చునని జనము ఎగబడి కొన్న కాలములో, అది నిజముగా అవసరమైన ఈ పనికి ఎందరు తలచిరో చెప్పజాలను.

నీటిని గూర్చి కొంచెము. 2021 ఏప్రిల్‌లో ఆదోనిలోను, పాణ్యము దగ్గర గోరుకల్లులోను అతిసారము ప్రబలి ప్రాణములు తీసిన సంగతి ఇక్కడివారు మరువలేదు. అది క్రిప్టోస్పోరిడియమని నేననుటలేదు; క్లోరిన్ వేసితిమి గదా యను ఊరటకు హద్దు గలదని మాత్రమే అనుచున్నాను. 1993 వసంతములో అమెరికాలోని మిల్వాకీ నగరమునకు సరఫరా యగు నీటిలో క్రిప్టోస్పోరిడియం చేరి, ఇంచుమించు నాలుగు లక్షలమందికి విరేచనములు పట్టుకొన్నవి. ఆ నీరు వడపోసినది, క్లోరిన్ కలిపినది. ఈ కోశమును మనము త్రాగునీటిలో వేయు మోతాదు క్లోరిన్ చంపజాలదు. ఒక నిమిషము తెర్లిన నీటికి అది ఆగజాలదు. మా ప్రస్తావనకు ఇంకను ముఖ్యమైన సంగతి, ఆ నగరములోని ల్యాబులలో పెక్కింటికి వైద్యుడు పేరు పెట్టి అడిగిననే తప్ప ఆ జీవిని వెదకు వాడుక లేకుండెను. ఊరిలో మందుల అంగళ్లయందు విరేచనముల మాత్రలు నిండుకొనుచుండగా, ల్యాబులు ఏమియు కనబడలేదని వ్రాసియుండును. అడిగి చూచిన దినముననే అది పట్టుబడినది. ధనమునకును యంత్రములకును లోటులేని ఊరి గతి అది.

కొత్త యంత్రములు వచ్చుచున్నవి, మల నమూనాలో ఇరువది రకముల క్రిములను ఒకేసారి గంటలో చెప్పు పి.సి.ఆర్. పెట్టెలు. అవి రానిండు, మంచిదే. కాని కొనువారు ఒక్క మాట అడిగి కొనుడు. ఇట్టి జాబితాలలో పెక్కింట క్రిప్టోస్పోరిడియం ఉండును, సైక్లోస్పోరా ఉండును. సిస్టో ఐసోస్పోరాయు స్ట్రాంగిలాయిడిస్సును ఉండవు, తయారుచేయువారి దేశములలో అవి అరుదు గనుక. చౌకమాత్రకు లొంగునదియు, మాత్ర పొరపాటున ప్రాణము తీయునదియు, రెండును ఆ జాబితాకు వెలుపలనే నిలిచినవి.

కావున నా మనవి రెండు చీటీలను గూర్చినది. వైద్యుడు ల్యాబునకు పంపు చీటీలో ‘మల పరీక్ష’ యని రెండు మాటలు వ్రాసి ఊరకుండక, విరేచనములు ఎన్ని వారములుగా నున్నవో, రోగి స్టెరాయిడు వాడుచున్నాడో లేదో, నిరోధకశక్తి తగ్గినవాడో కాదో వ్రాయవలెను. హెచ్.ఐ.వి. అను మాటను చీటీ మీద వ్రాసి నలుగురి చేతులలో తిప్పుట ధర్మము కాదు, చట్టమును ఒప్పదు. ‘ఆమ్లస్థిర రంజనము, స్ట్రాంగిలాయిడిస్ కొరకును చూడుడు’ అని వ్రాసిన చాలును, తెలిసినవానికి తెలియును. ఇక ల్యాబు నుండి మరలివచ్చు కాగితములో ఏమి చూచితిరో మాత్రమే గాక ఎట్లు చూచితిరో ఉండవలెను: తడి పలకయా, రంజనమా, ఎన్ని నమూనాలు, ఎన్ని దినములవి. మనము నేడు స్మరించు పెద్దమనిషి తన కాగితముల అడుగున ‘ఒక నమూనా మాత్రమే, రంగు వేయలేదు’ అని వ్రాసెడివాడు. దానిని చదివి చిరాకుపడిన డాక్టర్లున్నారు, రెండవ నమూనా పంపిన డాక్టర్లును ఉన్నారు. ఆదోని, ఎమ్మిగనూరు ల్యాబుల వారు ఈ సభ ముగిసిన పిమ్మట ఆగిన యెడల, ఒక శాతము ఆమ్లము కలుపు విధమును, కొలత గీతలుగల కంటికటకమును సరిచూచుకొను విధమును ప్రక్క గదిలో పలకలతో సహా చూపుటకు ఏర్పాటు చేయించితిని.